ఫాంట్‌ని వంచేస్తే ఇటాలిక్ అయిపోదు

ఏ బోల్డ్ సాన్స్ సెరిఫ్ (అంటే అక్షరాల కొసల్లో చిన్న అడ్డగీతలు లేని) ఫాంట్‌నైనా తీసుకుని ఒక్క బటన్ నొక్కితే చాలు, అక్షరాలన్నీ కుడివైపుకి వాలిపోతాయి. చాలామంది దాన్నే ఇటాలిక్ అనుకుని పోస్టర్ మీద పెట్టేస్తున్నారు. చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

దూరం నుంచి బాగానే ఉన్నట్టుంటుంది. ఒక్కసారి ఇంగ్లిష్ ‘O’ అక్షరాన్ని జూమ్ చేసి చూడండి. నిటారుగా ఉన్నప్పుడు చుట్టూ ఇంచుమించు ఒకే మందంతో ఉన్న గీత, వంచగానే పైన కుడివైపూ కింద ఎడమవైపూ లావెక్కి, మిగతా రెండు చోట్లా చిక్కిపోతుంది. సన్నటి ఫాంట్‌లో ఈ తేడా అంతగా కంటికి ఆనదు, బోల్డ్‌లో మాత్రం దాచినా దాగదు. ఎస్ పరిస్థితి ఇంకా ఘోరం, మధ్యలో ఎడమ నుంచి కుడికి దిగే వంపు ఉంది చూశారా, అది నిలువుగా లేచి అక్షరం బరువంతా అక్కడే పోగుపడుతుంది. వి అయితే ఎడమ గీత లావు, కుడి గీత సన్నం. అంటే వంచడం తేలికే, అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది: ప్రతి వంపునీ పట్టుకుని, మందం మళ్లీ సరిచేసి, గీతలు కలిసే మూలల్లో నలుపు ముద్దకట్టకుండా కాస్త కోసి, లోపలి ఖాళీలు పూడిపోకుండా చూసుకోవాలి. దీనికి లెక్కల కంటే కన్నే ముఖ్యం.

1928లో మొదలైన గిల్ సాన్స్ ఫాంట్‌కి ఉన్న ఇటాలిక్‌లో చిన్న ‘a’ లాంటి అక్షరాల ఆకారమే మారిపోతుంది, హెల్వెటికా ఫాంట్‌లోనేమో అవే అక్షరాలు 12 డిగ్రీలు వాలి ఉంటాయి, ఇలా వాలిన రకాన్ని ఆబ్లిక్ అంటారు. పేరాల మధ్యలో ఒక మాటని వేరుగా చూపించాలంటే నాకు మొదటిదే ఇష్టం. పెద్ద హెడ్డింగ్‌కి మాత్రం రెండోదే, అక్కడ కావాల్సింది సొగసు కాదు, ఊపు.

ఆ ఊపు ఎంత పనిచేస్తుందో చూడాలంటే అమెరికన్ కళాకారిణి బార్బరా క్రూగర్ పోస్టర్లు చూడండి. ఎర్రటి పట్టీ మీద తెల్లటి ఫ్యూచురా బోల్డ్ ఆబ్లిక్, అందులో నాలుగైదు మాటలు, అంతే. పాల్ రెన్నర్ గీసిన ఈ ఫ్యూచురా ఫాంట్ 1927లోనే వచ్చింది, అయినా అక్కడ చూస్తే నిన్న గీసినట్టుంటుంది. అదే ఫాంట్‌లో ఒక పేరా మొత్తం పెడితే ఎవరూ చదవరు, అన్నీ గట్టిగా అరుస్తుంటే ఏది వినాలో తెలియదు కదా! అందుకే మాటలు తక్కువ, సైజు పెద్దది, అక్షరాల మధ్య ఎడం కాస్త బిగువు. ఇంకోటి, వాలిన అక్షరం పైభాగం కుడికి జరిగి ఉంటుంది కాబట్టి కింద ఉన్న మామూలు టెక్స్ట్‌తో అంచు కలిసినట్టు అనిపించదు, సాఫ్ట్‌వేర్ సరిగ్గానే ఉందన్నా సరే, హెడ్డింగ్‌ని చేత్తో కొంచెం ఎడమకి జరపండి.

వెబ్‌సైట్ చేసేవాళ్లకి ఒక మాట. ఇటాలిక్ ఫైల్ లోడ్ చేయకుండా సీఎస్ఎస్‌లో (పేజీ ఎలా కనిపించాలో చెప్పే కోడ్‌లో) ఇటాలిక్ అని రాస్తే బ్రౌజరే అక్షరాలని వంచేస్తుంది, నేను పైన చెప్పిన దొంగ ఇటాలిక్ అదే. ఫాంట్ సింథసిస్ (font-synthesis) ప్రాపర్టీకి నన్ (none) అని పెడితే ఆ పని మానేస్తుంది, అప్పుడు అసలు ఫైల్ ఉందో లేదో మీకే తెలిసిపోతుంది.