కాలుగాలిన పిల్లి

బుజ్జిగాడి తెల్ల లాల్చీ బకెట్లో నానుతోంది. బీట్‌రూట్ మరక. సబ్బు పెట్టి రెండుసార్లు రుద్దితే ఎరుపు కాస్తా గులాబీ రంగుకు దిగింది, అంతకు మించి దిగనంటోంది. శ్రీమతి గారు "పొద్దున చూద్దాంలే" అని లైటు ఆర్పేసి పడుకుంది. నాకు నిద్ర పట్టలేదు. మరక వల్ల కాదు, బాబాయి వల్ల.

బాబాయి సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. ఇవాళ గృహప్రవేశం భోజనాల్లో, రెండో బంతిలో, సరిగ్గా నా ఎదురుగా కూర్చున్నాడు. పప్పు కలుపుకుంటూ, బంతి మొత్తానికి వినపడేట్టు, "ఏరా, ఇప్పుడేం కంపెనీ? పోయినసారి చెప్పిందేనా, దాన్నీ వదిలేశావా?" అన్నాడు. "ఇది ఆరోది బాబాయ్" అన్నాను నవ్వుతూ. ఆ నవ్వడమే తప్పయిపోయింది. "మేం ముప్పై నాలుగేళ్లు ఒకే ఆఫీసులో పని చేశాం. నువ్వేమో కాలుగాలిన పిల్లిలా ఊళ్లు పట్టుకు తిరుగుతున్నావు. మనిషన్నాక నిలకడ ఉండొద్దట్రా?" అన్నాడు. పక్కనున్న పెద్దమనుషులు నవ్వారు. సాంబారు బకెట్ పట్టుకున్న కుర్రాడు కూడా నవ్వినట్టే అనిపించింది. అదే అదనుగా బుజ్జిగాడు విస్తరిలో ఉన్న బీట్‌రూట్ వేపుడంతా ఒళ్లో పోసుకున్నాడు.

ఇంతా చేసి, చేతులు కడుక్కునే చోట భుజం మీద చెయ్యేసి, "ఒరే, నాకు ఒకప్పుడు బీపీ మాత్రల శాంపిల్స్ తెచ్చేవాడివి చూడు, అవే కావాలి. వేరేవి పడటం లేదు" అన్నాడు. నేను మెడికల్ రెప్‌ని కదా, అవి నా మూడో కంపెనీవి. ఆ కంపెనీ వదిలి ఆరేళ్లు. ఏం చెప్పమంటారు!

బీట్‌రూట్ చూస్తే నాకు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు రికీ లాంబర్ట్ గుర్తొస్తాడు. ఈ మాట ఇక్కడ ఇదివరకు ఒకసారి అన్నట్టున్నాను, అయినా మళ్లీ చెప్తాను, ఈ రాత్రికి నా బాధ నాది. లివర్‌పూల్ పక్కన కర్క్‌బీలో పుట్టినవాడు. పదేళ్లప్పుడు లివర్‌పూల్ క్లబ్బు పిల్లల జట్టులో చేరాడు, పదిహేనేళ్లు వచ్చేసరికి నువ్వు పనికిరావు పొమ్మన్నారు. బ్లాక్‌పూల్ చేర్చుకుంది, తర్వాత అదీ వదిలేసింది. అప్పుడు ఇతను వెళ్లి చేరింది బీట్‌రూట్ ఫ్యాక్టరీలో. పని ఏంటయ్యా అంటే సీసాలకు మూతలు బిగించడం. రోజుకు ఇరవై పౌండ్లు. ఆ పని చేస్తూనే మ్యాక్లెస్‌ఫీల్డ్ అనే చిన్న క్లబ్బుతో ప్రాక్టీసు చేసి అక్కడ చోటు సంపాదించాడు.

ఇతని గురించి నాకు తెలిసిన రాత్రి బాగా గుర్తు. 2013 ఆగస్టు 14. హన్మకొండలో రూము. ఆ మధ్యాహ్నమే రెండో కంపెనీకి రిజైన్ చేసి వచ్చాను. చేశాను అనడం మర్యాద కోసం, నిజానికి చేయించారు. నెలాఖరు క్లోజింగ్ కోసం, అంటే టార్గెట్ లెక్క పూర్తయినట్టు చూపించడానికి, స్టాకిస్ట్ దగ్గర, అంటే హోల్‌సేల్ మందుల వ్యాపారి దగ్గర, అవసరం లేని సరుకు డంప్ చేయమన్నారు. అంతకుముందు మూడు నెలలు చేశాను కూడా. ఆ సరుకంతా కదలక ఎక్స్‌పైరీ అయి వాపసు వచ్చేసరికి, ఆర్డరు రాసిన చెయ్యి నాది కాబట్టి తప్పూ నాదే అయింది. చేయమన్న మేనేజరు మాత్రం అలాంటి మాట తను అన్నట్టే గుర్తు లేదన్నాడు. బ్యాగు, డాక్టర్లకు చూపించే విజువల్ ఎయిడ్ పుస్తకం, మిగిలిన శాంపిల్స్ లెక్కపెట్టి అప్పజెప్పి రసీదు తీసుకున్నాను. డాక్టర్ల కోసం తెచ్చిన పెన్నులు కూడా లెక్కపెట్టారండీ! పదకొండు పెన్నులు. ఆ రసీదు ఇప్పటికీ నా దగ్గరుంది, ఎందుకు దాచానో తెలియదు.

రూముకొచ్చి అన్నం తినలేదు. ఇంట్లో అప్పుడే ఎవరికీ చెప్పలేదు. రూమ్మేటు నిద్రపోయాడు. లాప్‌టాప్‌లో పన్నెండున్నరకు ఇంగ్లండ్, స్కాట్లాండ్ ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలైంది, లండన్ వెంబ్లీ స్టేడియంలో. నాకు రెండు జట్ల మీదా ప్రేమ లేదు, నిద్ర రాక చూశాను, అంతే. నెట్టు మాటిమాటికీ ఆగిపోయేది. స్కాట్లాండ్ రెండుసార్లు ముందుకెళ్లింది, ఇంగ్లండ్ రెండుసార్లూ సమం చేసింది. చివరి అరగంటలో ఇంగ్లండ్ స్టార్ రూనీని బయటికి పిలిచి ఎవరో బొద్దుగా ఉన్న మనిషిని లోపలికి పంపారు. ముప్పై ఒక్కేళ్లవాడు, దేశం తరపున మొదటి మ్యాచ్. వచ్చి మూడు నిమిషాలు కాలేదు. బేన్స్ కార్నర్ కొట్టాడు. ఇతను గాల్లోకి లేచి తలతో కొడితే బంతి లోపల పడింది. బంతిని తాకడం అదే మొదలు. 3-2. నేను అరిచిన అరుపుకు రూమ్మేటు లేచి దొంగలనుకుని లైటు వేశాడు. తెల్లవారేదాకా కూర్చుని ఇతనెవరో చదివాను. బీట్‌రూట్ సంగతి అప్పుడే తెలిసింది. పొద్దున కింద బళ్లో జెండా పాట మొదలయ్యేసరికి అమ్మకు ఫోన్ చేసి ఉద్యోగం పోయిందని చెప్పాను, ఎందుకో చాలా ధైర్యంగా.

అంచేత ఇవాళ భోజనాల బంతిలోనే బాబాయికి లాంబర్ట్ కథ చెప్పి నోరు మూయించాల్సింది అనుకుంటూ బండి నడుపుకుంటూ వచ్చాను. ఎన్ని క్లబ్బులు తిరిగాడు! మ్యాక్లెస్‌ఫీల్డ్, స్టాక్‌పోర్ట్, రాచ్‌డేల్, బ్రిస్టల్ రోవర్స్, సౌతాంప్టన్. స్టాక్‌పోర్ట్ 2002లో మూడు లక్షల పౌండ్లిచ్చి కొనుక్కుని మూడేళ్లు తిరక్కుండానే రాచ్‌డేల్‌కి పంపేసింది. తిరిగితే తిరిగాడు, దేశానికి ఆడాడా లేదా? చూడు బాబాయ్! అని.

ఇప్పుడు లాప్‌టాప్ ముందు కూర్చుని ఇదంతా టైపు చేస్తుంటే లెక్క తేడాగా కనిపిస్తోంది. నాకే నచ్చని తేడా. ఆ వరసలో మొదటి మూడు క్లబ్బులూ మాంచెస్టర్ చుట్టుపక్కల ఊళ్లే. ఖమ్మం, మధిర, ఇల్లెందు అన్నట్టు. ఊళ్లు తిరిగినన్నాళ్లూ ఇతని పేరు ఆ ఊరు దాటలేదు. బ్రిస్టల్లో మూడేళ్లు ఉన్నాడు, మూడో ఏడు లీగులో 29 గోల్స్ కొట్టాడు. 2009లో సౌతాంప్టన్ కొనుక్కుంది. అది అప్పుడు అప్పుల్లో మునిగి, మూడో అంచె లీగులో, పది పాయింట్లు కోత పడి సీజన్ మొదలుపెట్టిన జట్టు. అక్కడ అయిదేళ్లు కదల్లేదు. 2011లో ఒక మెట్టు, 2012లో ఇంకో మెట్టు, జట్టుతో పాటే అన్నిటికన్నా పైదైన ప్రీమియర్ లీగ్ ఎక్కాడు. 235 మ్యాచ్‌లు, 117 గోల్స్. పెనాల్టీలు 34 కొడితే 34 లోపలికే. ముప్పై నాలుగు! బాబాయి సర్వీసు అంత. ఈ అంకె చూసి నిజంగా ఒళ్లు మండింది.

అంటే నిలకడ దొరికాకే వెలిగాడు. కదిలాక? 2014లో, చిన్నప్పుడు పొమ్మన్న లివర్‌పూలే రమ్మని పిలిచింది. ఇంటి ఊరు, చిన్నప్పటి కల, ఎవడు కాదంటాడు? ఆ ఏడు లీగులో రెండే గోల్స్, ఎక్కువ రోజులు బెంచీ మీదే. ఆ తర్వాత వెస్ట్ బ్రామ్, ఆపైన కార్డిఫ్, 2017లో ఆట మానేశాడు. అంతకుముందే బ్రెజిల్ ప్రపంచకప్‌కి వెళ్లాడు, ఉరుగ్వే మీద చివరి నిమిషాల్లో దింపారు. అదీ ఆడినట్టేనంటే ఆడినట్టే.

బాబాయి మాటే నిజమా అయితే?

కాదు, పూర్తిగా కాదు. మొదటి ఎనిమిదేళ్లు ఇతను తిరగలేదు, తిప్పారు. కాంట్రాక్టు అయిపోతే ఒకడు పొమ్మంటాడు, కొత్త కోచ్ వచ్చి వీడు బరువెక్కువ అంటాడు, డబ్బు లేక ఇంకో క్లబ్బు అమ్ముతుంది. ముందువరుసలో ఆడేవాడి బతుకంటే టార్గెట్ బతుకు, మా బతుకే. పోయిన నెల ఎంత కొట్టావన్నది ఈ నెల ఒకటో తారీకుకు చెరిగిపోతుంది. ఆఫీసు కుర్చీకి ఆ గోల ఉండదు. సౌతాంప్టన్ అతన్ని అయిదేళ్లు ఉంచుకుంది కాబట్టి ఉన్నాడు. నన్ను అయిదేళ్లు ఉంచుకున్న కంపెనీ... సరే, నాలుగోది ఉంచుకునేది. అక్కణ్ణుంచి నాలుగు వేల జీతం ఎక్కువకి నేనే వచ్చేశాను. అది మాత్రం బాబాయికి చెప్పకండి.

ఒక మనిషి బీట్‌రూట్ మూతలు బిగించాడన్న కథ మనకు ముద్దుగా ఉంటుంది, చివర్లో వెంబ్లీ ఉంది కాబట్టి. అదే లైన్లో అతని పక్కన నిలబడి మూతలు బిగించినవాళ్లు ఎంతమంది ఉంటారో, వాళ్ల చొక్కాలకూ ఈ మరకే అంటి ఉంటుంది. ఇంకెక్కడికో పోతోంది, ఆపేస్తాను.

ఇందాక మూడో కంపెనీలో నాతో పనిచేసిన ఖమ్మం కుర్రాడికి మెసేజ్ పెట్టాను, బాబాయి మాత్రల గురించి. వాడూ మేలుకునే ఉన్నాడు, క్లోజింగ్ కదా. నాలుగు స్ట్రిప్పులున్నాయట, బుధవారం బస్సుకి వేస్తానన్నాడు. ఇదయ్యాక లాల్చీ నీళ్లు మార్చాలి. నిమ్మకాయ రాస్తే పోతుందని ఎవరో అన్నారు, ఫ్రిజ్‌లో ఒకటి ఉండాలి.