కొసల వంపు దగ్గరే అసలు పని

మా ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఇళ్లు చాలా. ఆ చేతిపని చూస్తూ పెరిగినవాణ్ణి, ఇప్పుడు విళ్లు చేస్తున్నాను.

నా రెండో విల్లుకు వెదురు బద్ద కొసల్ని నిప్పుల సెగ మీద కాచి, గురి వైపుకు వంచాను. ఆ వంపు ఉంటే నారి కొంతమేర లింబునే, అంటే పిడికి పైనా కిందా వంగే భాగాన్నే, ఆనుకుని ఉంటుంది, లాగేకొద్దీ విడివడుతుంది. అందుకే మొదట్లోనే బిగువు అందుతుంది, చివర్లో ఒక్కసారిగా బరువెక్కదు. ముప్పూ అక్కడే. నారి గాడి వెంట్రుకవాసి పక్కకు పోయినా సన్నటి కొస మెలి తిరుగుతుంది. నాదలాగే తిరిగి, నారి జారి, పై లింబు నిలువునా చీలింది. రెండు రోజులు దాని వంక చూడలేకపోయాను.

మందం సంగతి ఇంకా సున్నితం. పదో వంతు తగ్గితే బిగువు పావు వంతుకు పైగా పోతుంది. వెడల్పులో అంతే తగ్గితే పోయేది పదో వంతే. అందుకని చివరి సర్దుబాట్లన్నీ పక్కల నుంచే గీస్తున్నాను. వెదురు పైపొర మాత్రం ముట్టను. సాగుడును ఓర్చుకునేది ఆ పొరలోని పీచే కనుక అది గురి వైపే ఉండాలి. మొఘలుల కాలపు విళ్లలో ఆ పని జంతువుల స్నాయువులు చేసేవి, లోపలి వైపు నొక్కుడును గేదె కొమ్ము ఓర్చుకునేది. ఎంత గొప్ప ఆలోచనో!

మూడోదాన్ని గోడ కొయ్యకు తగిలించి అంగుళం అంగుళం లాగి చూస్తున్నాను. నిన్నటికి 22 అంగుళాలకు వచ్చింది. కింది లింబు ఇంకా బిర్రుగానే ఉంది.