ఒళ్ళో తలకాయ, ఉప్పల్ దాకా

కాజీపేటలో దిగాలా, వరంగల్ దాకా పోవాలా అన్న సందేహం హన్మకొండ వెళ్ళే ప్రతివాడికీ ఉండేదే. ముప్పై ఏళ్ళుగా నేను ఏ స్టేషన్‌లో దిగితే అదే తప్పు స్టేషన్ అవుతోంది. ఈసారి కాజీపేటలో దిగాను. నక్కలగుట్టకి ఆటో 300 అన్నాడు. "అంత దూరం లేదు కదయ్యా" అంటే, "దూరం లేదు సార్, ఎండ ఉన్నది" అన్నాడు. ఎండకి కూడా చార్జీ ఉంటుందని నాకు తెలీదు. 250కి బేరం తెగింది. ఆ 50 మిగిలినందుకు సంతోషమూ, 250 పోయినందుకు మంటా రెండూ కలిసి, హాలు మెట్లెక్కేదాకా మొహం చిట్లించుకునే ఉన్నాను.

నేను వెళ్ళింది ఒక ఎగ్జిబిషన్‌కి. భార్యాభర్తలు కలిసి పెట్టుకున్నారు. నేను జనగామలో బ్యాంకు మేనేజరుగా ఉన్న రోజుల్లో భర్త జీతం ఖాతా మా బ్రాంచిలోనే ఉండేది. సర్కారు బడిలో డ్రాయింగ్ సారు. క్యూలో నిలబడి విత్‌డ్రాయల్ ఫారం వెనకాల ముందువాళ్ళ వీపులు గీసేవాడు. ఆ ఫారాలు రెండు మూడు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, ఆడిట్ వాళ్ళకి తెలియకుండా దాచినవి. నేను రిటైరయ్యాక కూడా దసరాకి ఫోన్ చేస్తాడు. "మా ఇద్దరి పని ఒక్క దగ్గర పెడుతున్నం సార్, మీరు రావాలె" అన్నాడు. ఇద్దరి పని అంటే ఏమిటో అడగాలని నాకు తోచనేలేదు.

అందుకే లోపలికి వెళ్ళగానే తప్పు చేశాను. గోడల నిండా రంగుల బొమ్మలు. మధ్యలో స్కూలు బెంచీల మీద తెల్ల గుడ్డలు పరిచి మట్టి తలలు, ఒకటి రెండు నల్లరాతి చేతులు. తలలు చూసి ఆయన చేయి పట్టుకుని, "శిల్పం కూడా మొదలుపెట్టారా, భలే!" అన్నాను.

"అవి ఆమెవి సార్. నేను మోసెటోన్ని" అన్నాడు.

పక్కన నిలబడ్డ ఆమె నవ్వి, "పదకొండు" అంది. పొద్దుటి నుంచి అలా అన్నవాళ్ళలో నేను పదకొండోవాణ్ణట.

హాలు ఒక స్కూలుది. బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రం అంత పెద్దది ఉండగా ఇక్కడెందుకు అని అడిగాను. "అండ్ల పెడితె నా పన్నెండు తలకాయలు తప్పిపోతయి అన్నా" అంది. సరే గానీ, ఈ హాలుకున్న ఆరు ట్యూబ్‌లైట్లే అసలు గొడవ. ఆయన బొమ్మలకి అవన్నీ వెలగాలి. బతుకమ్మ కుప్పలు, పత్తి మార్కెట్టు, చెరువు కట్ట మీద ఎర్ర చీరలు, ఇవన్నీ చీకట్లో మురికిగా కనపడతాయి. ఆమె తలలకేమో లైట్లు వెలగకూడదు. మట్టి తలంతా ఒకటే రంగు. ముక్కూ కనురెప్పా చెంప గుంటా మనకి కనపడేది నీడ వల్లనే. పైనుంచీ పక్కలనుంచీ ఒకే తీరు వెలుతురు పడితే నీడ చచ్చిపోయి తల కాస్తా గుమ్మడికాయ అవుతుంది. ఒక్క కిటికీ నుంచి ఏటవాలుగా వచ్చే వెలుతురు చాలు దానికి.

ఆమె వెళ్ళి స్విచ్చులు ఆపుతుంది. ఐదు నిమిషాలాగి ఆయన గోడ మీద బల్లిని చూస్తున్నవాడిలా నడుచుకుంటూ వెళ్ళి వేసి వస్తాడు. మాటా పలుకూ లేదు. చూసేవాళ్ళు కరెంటు పోయి వస్తోందనుకుంటున్నారు. ఇలా ఎనిమిదిసార్లయ్యాక నేనే కల్పించుకున్నాను. మా ఊళ్ళో కాలువ నీళ్ళకి వంతులు వేసుకున్నట్టు గంట ఆమెకి, గంట ఆయనకి అని తేల్చాం. ఆయన వంతు అయిపోగానే ఆమె గడియారం చూసుకుని లేచే తీరు చూడాలి.

వచ్చిన జనం ఎక్కువే. కానీ బొమ్మల కంటే సంసారం మీదే వాళ్ళ ధ్యాస. "ఇద్దర్ల ఎవరు మంచిగ చేస్తరు?" అని ఒకాయన. "సారు కాగితం మీద గీసిస్తె మేడం మట్టితోని చేస్తదా?" అని రిటైర్డ్ తహసీల్దారుగారు. "ఇంట్ల వంటెవరు చేస్తరు?" అని ఇంకొకామె. దీనికి మాత్రం ఇద్దరూ ఒకేసారి ఎదుటివాళ్ళని చూపించారు. పిల్లలకి ఈ బాధలేం లేవు, తిన్నగా తలల దగ్గరికి పరుగెత్తారు. ఆయన బొమ్మల కింద 'ముట్టరాదు' అని చీటీలున్నాయి. ఆమె మాత్రం పిల్లల చేతులు పట్టుకుని మరీ చెంపల మీద పెట్టించింది.

మధ్యాహ్నం మూడింటికి జనం పల్చబడ్డాక సర్వపిండి డబ్బా తీశారు. అంచులు కరకర, మధ్యలో మెత్తన, పల్లీలు ఎక్కడికక్కడ తగులుతూ. ఆటోవాడి మీద మిగిలిన కోపం అప్పుడు పోయింది. తింటూ ఆమెని అడిగాను, మట్టి ఎలా అబ్బిందని. పుట్టిల్లు కుమ్మరివారిది.

"మా ఇంట్ల ఆడోల్లు మట్టి తొక్కుతరు, కుండలు ఆరవెడుతరు, ఆవంల పేరుస్తరు. సారె చక్రం మీద మాత్రం కూసోరు. చిన్నప్పుడు కూసుంటె మా తాత కట్టె పట్టుకొని వచ్చిండు. అందుకే సారె లేని పని పట్టుకున్న."

తల ఎంత పెద్దదైనా లోపల బోలుగా ఉండాలట. గోడ ఒక చోట మందం, ఒక చోట పల్చన అయితే కాల్చేటప్పుడు బీట పడుతుంది. పూర్తిగా ఆరకుండా ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో పెడితే లోపలి తడి ఆవిరై తల పేలిపోతుంది. పొగ బయటికి పోనివ్వకుండా ఆవం మూసేస్తే మట్టి నల్లబడుతుంది, గాలి ఆడితే ఎర్రబడుతుంది. నల్లని తలలు రంగు వేసినవనుకున్నాను నేను. పొగే ఆ రంగు.

రంగు మాట వచ్చేసరికి ఆయన సర్వపిండి ముక్క డబ్బాలో పెట్టేసి లేచి, మూల ఉన్న బల్ల కింద నుంచి ఒక మట్టి పలక తెచ్చాడు. ఇద్దరూ కలిసి చేద్దామనుకున్న ఒకే ఒక్క వస్తువట. ఆమె పలక మీద బోనం ఎత్తుకున్న ఆడవాళ్ళని చేసింది. ఆయన పసుపు, ఎరుపు, నీలం వేశాడు. మర్నాడు పొద్దున ఆయన బడికి పోయాక ఆమె చాకుతో రంగంతా గీకేసింది. గీకిన గాట్లూ, గాట్ల మధ్య మిగిలిన నీలమూ అలాగే ఉన్నాయి.

"మట్టికి మల్ల రంగెందుకు అన్నా? రంగు పూస్తె మట్టి కనపడతదా?"

"చేర్యాల మాస్కులకు రంగు లేదా? గవి మంచిగ లెవ్వా?"

ఆయన మాటలో పస లేకపోలేదు. చేర్యాలలో పటాలు గీసే నకాషీల ఇళ్ళలో పటమూ బొమ్మా ఒకే పీటల మీద తయారవుతాయి. ఖద్దరు గుడ్డకి చింతగింజల జిగురూ సుద్దమట్టీ పట్టించి, ఎర్రటి నేల మీద పద్మశాలీల మార్కండేయ పురాణం గీసే చెయ్యే, రంపపు పొట్టూ చింతగింజల ముద్దా కలిపి మాస్కు చేస్తుంది. అక్కడ రంగు లేకపోతే బొమ్మే లేదు. "అది రంపపు పొట్టు, దానికి బట్ట కట్టాలె. ఇది మట్టి, దీనికి తోలున్నది" అందామె. మూడు రోజులు మాట్లాడుకోలేదట అప్పుడు. పలకని అమ్మకానికి పెట్టలేదు, పారేయనూ లేదు. నాకు మొత్తం హాల్లో అదే నచ్చింది. చెబితే ఇద్దరికీ కోపం వస్తుందని చెప్పలేదు.

ఆయనకి బొంబాయి జంట ప్రభ, విఠల్ అంటే ఆరాధన. ప్రభ చిత్రకారిణి, విఠల్ శిల్పి. వాళ్ళ తొలి ప్రదర్శనలో అణు శాస్త్రవేత్త హోమీ భాభా ప్రభ బొమ్మలు మూడు కొన్నాడని చెబుతున్నప్పుడు ఆయన కళ్ళు మెరిశాయి. ఆమె నా వైపు చూసి, "మాకు భాభా రాలే, బ్యాంకు మేనేజరొచ్చిండు" అంది. మా జిల్లా పి.టి. రెడ్డిగారి సంగతి నేను ఎత్తాను. ఆయన బొమ్మలు వేసేవారు, భార్య యశోదా రెడ్డిగారు కథలు రాసేవారు. "వాళ్ళకు ట్యూబ్‌లైట్ల లొల్లి లేదు గద సార్" అన్నాడాయన.

రాత్రి లాడ్జిలో 1,200 తీసుకుని ఇచ్చిన గదికి కిటికీ గోడలోకి తెరుచుకుంటుంది. నిద్ర పట్టక మా నాన్న గుర్తొచ్చాడు. జమ్మికుంటలో అడ్తి దుకాణాలకి బోర్డులు రాసేవాడు. సుద్దతో అక్షరాల అంచులు గీసి వదిలేస్తే, లోపలంతా నింపేది మా అమ్మ. నీడ గీతలకి మళ్ళీ నాన్న వచ్చేవాడు. కుడి వైపు అడుగున చిన్నగా ఆయన పేరు, పక్కన 'ఆర్ట్స్' అని. ఆ పేరు లోపల కూడా రంగు నింపింది అమ్మే. ఇన్నేళ్ళలో నాకది ఒక విషయంగా తోచలేదు. ఫ్యాను టకటకమంటూ తిరిగింది తెల్లారేదాకా.

మర్నాడు రామప్ప గుడికి పోయి రమ్మని తలలు చేసినామె పురమాయించింది, పొద్దున్నే ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు. ములుగు దాటి జంగాలపల్లి దగ్గర దిగి అక్కణ్ణుంచి ఆటో. ఆటో రేటు గురించి మళ్ళీ రాయను. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక నేను వెళ్ళడం ఇదే మొదలు. గైడు నీళ్ళ మీద తేలే ఇటుకా, నాగిని బొమ్మా, ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక అనే ఆడబొమ్మా చూపించాడు. చెప్పుల దగ్గరే పావుగంట. "ఆ రోజుల్లోనే హైహీల్స్ సార్" అని మూడుసార్లు. నేను మాత్రం చూరు కింద మదనికల మోచేతి నీడలు పక్క స్తంభం మీద ఎలా పడుతున్నాయో చూస్తూ ఉండిపోయాను. గుడి ఒళ్ళంతా ఎర్రటి ఇసుకరాయి, ఈ బొమ్మలు మాత్రం నున్నటి నల్లరాయి. ట్యూబ్‌లైటు పెడితే ఏమయ్యేవో! 1213లో కట్టించింది రేచర్ల రుద్రుడు, పేరేమో శిల్పిది అని గైడు గర్వంగా చెప్పాడు. "రామప్ప భార్య ఏం చేసేదయ్యా?" అని అడిగాను. గైడు నన్ను ఎగాదిగా చూసి మోగే స్తంభం దగ్గరికి తీసుకుపోయాడు.

తిరిగి హన్మకొండ వచ్చి ఒక తల కొన్నాను. నెత్తిన చుట్టబట్ట పెట్టుకుని బరువు ఎత్తుకోబోతున్న ఆడమనిషి. 4,000 అంది. బ్యాంకు బుద్ధి పోదు కదా, 3,500 అన్నాను. "మొదటి రెండు ఆవంలనే పగిలినయి అన్నా, ఇది మూడోది" అంది. నోరు మూసుకుని 4,000 ఇచ్చాను. పాత చీరలో చుట్టి, వరిగడ్డి కూరి, కిరాణా అట్టపెట్టెలో పెట్టింది. "పైన పెట్టకు, ఒళ్ళో పెట్టుకో" అని రెండుసార్లు చెప్పింది.

ఒళ్ళో పెట్టుకోవాలంటే కూర్చోవాలి కదా. ఉప్పల్ వెళ్ళే ఎక్స్‌ప్రెస్ కిటకిటలాడుతోంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఉచితం కదా, సీట్లన్నీ వాళ్ళవే. తప్పనలేను, మా ఆవిడ కూడా వారానికోసారి చెల్లెలింటికి అలాగే పోతుంది. పెట్టె గుండెలకి పట్టుకుని కడ్డీకి ఆనుకుని నిలబడ్డాను. కండక్టరు వచ్చాడు.

"డబ్బల ఏమున్నది సార్?"

"తలకాయ."

బస్సు సగం నా వైపు తిరిగింది.

"బొమ్మ తలకాయ. మట్టిది. ఆడమనిషిది."

వెనక సీట్లోంచి ఎవరో, "ఆడమనిషైతె జీరో టికెట్టే గద! ఆధార్ కార్డు చూపియ్యమను" అన్నారు. నవ్వులు. కండక్టరు కూడా నవ్వి, నా ఒక్కడికే టికెట్ కొట్టి ముందుకు పోయాడు.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర బ్రేకు వేసినప్పుడు నేను పడబోయాను. కిటికీ పక్క కూర్చున్న పెద్దామె చేతులు చాచి, "ఇటియ్యి బిడ్డా, నేను పట్టుకుంట" అని పెట్టె లాక్కుంది. అరవై దాటినవాణ్ణి అనుకుంటున్న నాకు బిడ్డా అనిపించుకోవడం బాగానే ఉంది, ఆమెకి డెబ్బై ఉంటాయి. అడగకుండానే చీర విప్పి చూసింది.

"ఎంతకు కొన్నవు?"

చెప్పాను. తప్పు చేశాను.

"నాలుగు వేలు వెట్టి మట్టి కొన్నవా!"

అయినా చెయ్యి తీయలేదు. నుదురు తడిమింది, చెవులు తడిమింది, చుట్టబట్ట మీద వేళ్ళు ఆపింది. "మొఖం మంచిగనే చేసింది గని, సుట్టబట్ట తప్పు. నేను ఇరవై ఏండ్లు ఇటుక బట్టీల మోసిన. బరువెక్కబోయేముందు సుట్ట గిట్ల నడిమిట్ల ఉండది. ఒక దిక్కు ఒరుగుతది. మెడ కూడ దాంతోనే పోతది. ఇది పెండ్లికూతురు లెక్క నిలవడ్డది."

జనగామలో పెట్టె నా చేతికిచ్చి, మోకాళ్ళు పట్టుకుని దిగిపోయింది. ఆ సీట్లో నేను కూర్చుని, తలని ఒళ్ళో పెట్టుకుని, పెంబర్తి కమాను దాటుతుండగా తల చేసినామెకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. వెనకాల ఆయన ఎవరికో ధర చెబుతున్నాడు.

"ఎటు దిక్కు ఒరుగుతదట అన్నా? కుడికా, ఎడమకా?"

అది నేను అడగలేదు.