తాతగారి పెంకుటింట్లో అతిథుల గదులు

భీమునిపట్నం దగ్గరి మా ఊళ్లో తాతగారు వ్యవసాయం చేసిన రోజుల్లో కట్టించిన పెంకుటిల్లు 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకు సగం పెంకులు పోగొట్టుకుంది. ఆ తరువాత కురిసిన వానలన్నీ నేరుగా గోడల్లోకే దిగాయి. విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ ఏళ్ల తరబడి చూసీచూడనట్టు ఊరుకున్న నేను, చివరకు ఆ ఇంటిని బాగుచేసి అతిథులకు గదులు ఇవ్వాలని నిశ్చయించుకున్నాను.

మొదటి తప్పు నాదే. పెచ్చులూడిన సున్నపు గోడలకు సిమెంటు పూయించాను. ఒక్క వర్షాకాలం గడిచేసరికి ఆ పూత తడితే డొల్లగా మోగింది, అంచుల్లో తెల్లని ఉప్పు పేరుకుంది. నేలలోంచి గోడలోకి ఎక్కే చెమ్మను సున్నం బయటికి వదులుతుందనీ, సిమెంటు లోపలే బంధిస్తుందనీ నాకు అప్పుడు తెలిసింది. అంతా గీకించి, సున్నం పని తెలిసిన ఒక పెద్ద మేస్త్రిని వెతికి పట్టుకున్నాను. ఆయన సున్నాన్ని గుంటలో వారాలపాటు నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో రుబ్బించి, కరక్కాయలు, బెల్లం నానిన నీళ్లు చేర్చి, పలుచని పూతలుగా వేయించారు. బెల్లం తొట్టి చుట్టూ చేరిన చీమలతో పడిన అవస్థ వేరే కథ. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి ఒక్కో పూతకూ ఆగవలసిందే. నేను తొందరపెట్టిన ప్రతిసారీ ఆయన, "అంత తొందరైతే మళ్లీ సిమెంటే పూయించుకోండి బాబూ" అనేవారు.

కాగితాల పని ఇంతకన్నా విసిగించింది. ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాసాలకని ఉంచిన భూమిలో ఉంది, దస్తావేజు లేదు. పాత ఇంటిపన్ను రసీదులు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, బాబాయిల సంతకాలు సమకూర్చుకునేసరికి నెలలు పట్టింది. ఒక కార్యాలయంలో నా దరఖాస్తు రెండుసార్లు కనిపించకుండా పోయింది.

కేంద్ర పర్యాటక శాఖవారి బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల వరకు, అంటే 12 పడకలకు మించకుండా, అతిథులకు ఇవ్వవచ్చు. మావి నాలుగే కనుక ఆ నిబంధన ఇబ్బంది పెట్టలేదు. యజమాని కుటుంబం అదే ఇంట్లో నివసించాలన్న నిబంధన మాత్రం, వారాంతాల్లో వెళ్లి చూసుకుందామనుకున్న నా లెక్కను తలకిందులు చేసింది. అమ్మ, నేను అక్కడికే మారిపోయాము. ఉద్యోగానికి ఇప్పుడు నేను ఊరి నుంచే వెళ్తున్నాను.

విదేశీ అతిథి దిగితే 24 గంటల్లోగా ఆ వివరాలు అధికారులకు ఆన్‌లైన్‌లో పంపాలని నేర్చుకుని సిద్ధంగా కూర్చుంటే, మొదట వచ్చినది శ్రీకాకుళం దంపతులు. వారికి ఒకప్పటి గాదె గదిని ఇచ్చాము. దాని పొట్టి గుమ్మాన్ని పాతదే ఉంచాలని నేను పట్టుబట్టాను. ఆయన నుదురు దానికి తగిలింది. ఇప్పుడు ఆ గుమ్మానికి మామిడి తోరణాన్ని ఒక జానెడు కిందికి కడుతున్నాము.