పుట్టిన సంవత్సరం నేనే కొట్టాను

పోయిన ఎండాకాలం సెలవులకు కడప వచ్చినప్పుడు మా అక్క కూతురు ఒక సోషల్ మీడియా యాప్ చూపించి "మామా, నాకూ అకౌంట్ తెరిచియ్యి" అని వెంటబడింది. దానికప్పుడు 11 ఏళ్లు. 13 నిండకపోతే ఆ యాప్ ఒప్పుకోదు. ఏమవుతుందిలే అని పుట్టిన సంవత్సరం 1999 అని నేనే కొట్టాను. అర నిమిషం కూడా పట్టలేదు.

మొన్న రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు పాప మెల్లగా ఫోన్ నా చేతికిచ్చింది. ముక్కూమొహం తెలియని వాడెవడో వారం రోజులుగా ఫొటోలు పంపమని అడుగుతున్నాడు. "అమ్మకు చెప్పొద్దు మామా, ఫోన్ లాగేసుకుంటుంది" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ యాప్ లెక్కలో ఈ పిల్ల పాతికేళ్లు దాటిన మనిషి. ఆ లెక్క రాసింది నేను. స్క్రీన్‌షాట్లు తీసిపెట్టి వాణ్ని బ్లాక్ చేశాను. అకౌంట్ తీసేశాం. అక్కకు నేనే చెప్పాను, నా తప్పుతో సహా.

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు పెద్ద సోషల్ మీడియా యాప్‌లలో అకౌంట్లు ఉండకూడదు. చూసుకోవాల్సింది కంపెనీలే. తప్పితే 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా జరిమానా. పిల్లలకు, తల్లిదండ్రులకు శిక్ష లేదు. నాకిది న్యాయంగా అనిపించింది. మన 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలు కంపెనీలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. కానీ మా జిల్లాలో పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలి కువైట్ పోయినవాళ్లు ఎందరో. అవ్వ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చదివి కొట్టేది మనవరాలే కదా! అలాగని ప్రతి యాప్‌కూ పిల్లల ఆధార్ ఇవ్వాలన్నా నాకు భయమే.

పాప నిన్న అడిగింది: "మామా, వాడు మళ్లీ రాడు కదా?"