అమ్మ చామంతులు, ఆలిస్ వాకర్ వ్యాసం

అమెరికా నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్ 1974లో వాళ్లమ్మ గురించి రాసిన వ్యాసం చదివాను. జార్జియాలో కౌలు పొలాల్లో గొడ్డుచాకిరీ చేసిన మనిషి. తెల్లారకముందే లేచేది, పిల్లల బట్టలన్నీ తనే కుట్టేది. అంత చాకిరీలోనూ, ఎంత పాత ఇంట్లో ఉన్నా, చుట్టూ యాభైకి పైగా రకాల పూలమొక్కలు పెంచేదట. మార్చి మొదలు నవంబరు చివరిదాకా పూసేవట! చదువు, తీరిక దక్కని నల్లజాతి ఆడవాళ్ల కళ అలాంటి చోట్లే బతికిందంటుంది వాకర్.

అక్కడ చదవడం ఆపేసి చాలాసేపు కూర్చుండిపోయాను. మా అమ్మ మిరపకోతల నుంచి వచ్చి, మండుతున్న చేతులకు కొబ్బరినూనె రాసుకుని, పగిలిన బకెట్లో వేసిన చామంతికి నీళ్లు పోసేది. ఒక్కో మొగ్గనూ తిప్పి చూసుకునేది. అది కళే. ఆ మాట గట్టిగా అనే ధైర్యం నాకిప్పుడు వచ్చింది.

బానిసత్వం మోసిన వాళ్ల చరిత్ర వేరు, మాది వేరు. రెండూ ఒకటేనని అనను. కానీ నేను చదివిన కథల్లో అమ్మలాంటి కూలిమనిషి ఎక్కువగా జాలిపడటానికే కనిపించేది. ఇక్కడ తనకంటూ ఇష్టాలు, పంతం ఉన్న మనిషిగా కనిపించింది.

వచ్చే నెల ఊరెళ్తున్నాను. ఈ వ్యాసం అమ్మకు తెలుగులో చెప్పి వినిపిస్తాను.