ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది?

శుక్రవారం వచ్చిందంటే మా క్యాంపులో నా మంచం చుట్టూ ఫోన్లే. రియాద్‌లో ఎలక్ట్రీషియన్ పని నాది. సెలవు పూట మాత్రం అందరికీ అబ్షర్ అనే సౌదీ సర్కారు యాప్ చూసిపెడతాను. "తమ్మీ, నా ఇఖామా ఎప్పటిదాకుందో చూడు" అంటారు. ఇఖామా అంటే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్. యాప్‌లో చూసి, గడువు తేదీ చెబితే సగం టెన్షన్ పోతుంది. ఇదివరకు ఆ ఒక్క మాట కోసం కంపెనీ తరఫున సర్కారు ఆఫీసుల పనులు చూసే మందూబ్ వెంట తిరిగేవాళ్లు.

2021 మార్చి 14 నుంచి ఇంకో మేలు జరిగింది. ఊరెళ్లి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసాకు కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, ఒప్పుకోవాలన్న షరతు పోయింది. కంపెనీల్లో పనిచేసేవాళ్లు అబ్షర్‌లో తామే పెట్టుకోవచ్చు. రెండు నెలల వీసాకు ఫీజు 200 రియాళ్లు. ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లను, హౌస్ డ్రైవర్లను ఆ మార్పులో కలపలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పోయిన నెల నిర్మల్ వైపు పెద్దన్న ఒకాయన వచ్చాడు. మేస్త్రీ. ఊళ్లో తల్లికి బాగాలేదు. లాగిన్ చేస్తే ఓటీపీ రాలేదు. ఎప్పుడో తోటి పనివాడొకడు తన నంబరుతో అకౌంట్ తెరిచిపెట్టాడట, అతను ఇంటికెళ్లిపోయి రెండేళ్లయింది. యాప్ ఉంది, హక్కు ఉంది, తాళంచెవి ఇంకొకరి జేబులో ఉంది.

నంబరు మార్చడానికి మాల్‌లో ఉన్న అబ్షర్ మిషన్ దగ్గరికి తీసుకెళ్లాను. వేలిముద్ర పడదే! ఇరవై ఏళ్ల సిమెంటుకి గీతలన్నీ అరిగిపోయాయి. తడి టిష్యూతో తుడిచాను, ఆయన అరచేతులు రుద్దుకున్నాడు, ఒక్కో వేలూ పెట్టి చూశాం. వెనక క్యూ పెరుగుతోంది. ఆఖరికి ఎడమచేతి చూపుడువేలు తీసుకుంది.

మన దగ్గర 2011లో మీసేవ వచ్చినప్పుడు కౌంటర్ అవతల తెలుగు మాట్లాడే మనిషి ఉన్నాడు. చదువురాని మా అమ్మ కూడా కాగితం తెచ్చుకోగలిగింది. ఇంత మంచి యాప్ పెట్టినవాళ్లు, లేబర్ క్యాంపులుండే చోట వారానికొక్క పూట మన భాష వచ్చిన మనిషిని కూర్చోబెడితే ఎంత బాగుండు!

తిరిగొచ్చే బస్సులో ఆయన ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అంకెలు ఒక్కొక్కటే తానే చదివాడు, నేను కొట్టాను. వీసా పెట్టడం అయ్యాక నా చేతిలోంచి ఫోన్ తీసుకుని అన్నాడు:

"పాస్‌వర్డ్ కాగితం మీద రాసియ్యి తమ్మీ. నా దగ్గరనే పెట్టుకుంట."